పెరంబూరు రైల్లో నన్ను చేర్చుకున్న బ్యాండు

చెన్నైలో లోకల్ రైలెక్కి పెరంబూరు వెళ్తున్నాను. ఎదుటి సీట్లో ఇద్దరు నడివయసు వాళ్లు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. ఒకరి ఒళ్లో గిటారు, ఇంకొకరి ఒళ్లో బాంజో. వరంగల్ నుంచి వచ్చిన నాకు ఆ తెలుగు వినగానే ప్రాణం లేచొచ్చింది.

“ఏం పాడతారన్నా?”

“అమెరికా పల్లెపాటలు, రాక్ కలిపి,” అన్నాడు గిటారాయన. “ముందు నేను పెళ్లి బ్యాండులో బాకా ఊదేవాణ్ణి. వీడు భజనల్లో పాడేవాడు. ఒకసారి రెండు ఊరేగింపులూ ఒకే సందులో ఎదురుపడినాయి. ఎవురూ ఆపలా.”

“పెళ్లికొడుకు కారు దిగి నా భజనకే చిందులేసినాడమ్మా!” అన్నాడు బాంజో ఆయన. “ఆడే మా బ్యాండు పుట్టింది.”

నేను పడీపడీ నవ్వాను. కానీ వాళ్లకో దిగులుంది. ఆ సాయంత్రమే మొదటి కచేరీ, తాళాలు వాయించేవాడికేమో జ్వరం. అమెరికా పాటకు భజన తాళాలేమిటని నేను అడిగేలోపే అవి నా చేతిలో పెట్టి, అక్కడే పాట ఎత్తుకున్నారు. రైలుపెట్టె అంతా చప్పట్లు. నా చేతులు వాటంతటవే ఆడాయి.

సాయంత్రం రైల్వే క్వార్టర్స్ పక్కన వేదిక మీద తాళాలు పట్టుకుని నిలబడ్డాను. గిటారాయన మైకు అందుకుని, “తాళాలు మా చెల్లెలు. మొదట్నించీ మాతోనే ఉండాది!” అన్నాడు.

జనం ఈలలు వేశారు. నేను గర్వంగా తలూపాను.