గానుగ మీది పూలకుండీలు

మా గ్రెనడా దీవి తీరంలో శంఖం మోగిందంటే చేపలొచ్చాయని అర్థం. మా ఊళ్ళో దాన్ని ఊదేది ఇస్మే. పడవ ఒడ్డుకు తగలగానే ఊదుతుంది, బేసిన్లు పట్టుకుని అందరం పరుగెత్తుతాం. బేరమాడితే నోటికొచ్చినట్టు తిడుతుంది, వేసేటప్పుడు మాత్రం ఒక చేప ఎక్కువే వేస్తుంది. మొగుణ్ణి సముద్రం మింగాక ఆ పడవతోనే పిల్లల్ని పెంచుకొచ్చింది.

ఇస్మే వంశంలో బెనెబా అని ఒకావిడ ఉండేది. బానిసల కాలంలో చెరకు గానుగకు గడలు అందిస్తుంటే చేయి లోపలికి పోయింది. గానుగ ఆపితే పని చెడుతుందని, మేస్త్రీ పక్కనే ఉంచుకున్న గొడ్డలితో ఆ చేయి నరికేశాడు. ఆ చెరకు తోట దొర బంగళా ఇప్పుడు హోటలు. ఆ గానుగ ఇంకా వాకిట్లోనే ఉంది. తెల్లరంగు పూసి, పైన పూలకుండీలు పెట్టారు.

ఈ ఏడు బానిసత్వం పోయిన రోజు పండక్కి మా బడి కాస్మస్ మాస్టారు ఆ వాకిట్లోనే బెనెబా నాటకానికి ఏర్పాటు చేశారు. ఆయనది మేస్త్రీ వేషం, ఇస్మేది బెనెబా వేషం. ఆ గానుగ పక్కన నిలబడి ఆ పేరు పలకాలని ఇస్మే పట్టుదల. తీరా పండగ ముందు రోజు హోటలు మేనేజరు అడ్డం తిరిగాడు. అతిథులు భోంచేసే వేళ గొడ్డలి వద్దు, బదులుగా ఏదైనా నాట్యం పెట్టమన్నాడట. మాస్టారు సరేనని తల ఊపి వచ్చేశారు. సంగతేమిటో కనుక్కుందామని నేను మాస్టారింటికి వెళ్ళేసరికి ఇస్మే ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేస్తోంది.

"గొడ్డలి తీసేస్తే ఆవిడ చేయి ఏమైందని చెబుతారు మాస్టారూ? చేప కొరికిందనా?"

ఆయన చెప్పులు వేసుకుని, నాట్యానికి పిల్లల్ని పోగుచెయ్యడానికి వెళ్ళిపోయారు.

పండగ సాయంత్రం శంఖం మోగింది. ఉడుకుతున్న సీమపనస పొయ్యి మీదే వదిలేసి, బేసిను పట్టుకుని పరుగెత్తాను. ఒడ్డున పడవ లేదు. ఇస్మే చంకలో చెరకు గడ పెట్టుకుని, శంఖం ఊదుకుంటూ రోడ్డెక్కింది. చేపలు హోటలు దగ్గర పోసిందేమోనని ఊరంతా వెంటపడ్డాం. హోటలు కాపలావాడు ఆమె మేనల్లుడే. గేటు తీసి, అటు తిరిగి నిలబడ్డాడు.

"చేపలేవే?" అన్నాను వాకిట్లోకి వచ్చాక.

"ఇవాళ చేపల్లేవు. కూర్చో వదినా."

బేసిన్లు బోర్లించుకుని కూర్చున్నాం. నాట్యం ఆగిపోయింది. ఇస్మే కుండీలు ఒక్కొక్కటీ కిందకి దించింది. మేనేజరు పరుగున వచ్చి, ఇది కార్యక్రమంలో లేదన్నాడు.

"చేయి పోతుందని బెనెబాకీ ఎవరూ ముందు చెప్పలేదు దొరా," అని ఇస్మే చెరకు గడతో పాటు చేయి గానుగలోకి పెట్టింది.

పెట్టి, మాస్టారి వైపు చూసింది. మేస్త్రీ రాకపోతే ఆట అక్కడే ఆగుతుంది. అందరం ఆయన్నే చూస్తున్నాం. మాస్టారు మెడలోని నాట్యపు పూలదండ తీసేసి, తెర వెనక దాచిన గొడ్డలి తెచ్చి ఆ గడ మీద వేశారు. పై వరండాలో అతిథుల చెంచాల చప్పుడు ఆగిపోయింది.

ఇస్మే ఒక చేయి వెనక్కి దాచుకుని, రెండో చేత్తో శంఖం ఎత్తింది.

"ఆ రోజుల్లో దొరలు శంఖం ఊదించి బెనెబాను పనికి తోలేవాళ్ళు. ఇప్పుడు ఊదేది నేను."

మర్నాడు మేనేజరు కుండీలు మళ్ళీ గానుగ మీద పెట్టించాడు. తెల్లారేసరికి అవి కిందున్నాయి. అతను పెట్టిస్తూనే ఉన్నాడు, అవి దిగుతూనే ఉన్నాయి. ఊళ్ళో ఏది జరిగినా నాకు తెలుస్తుందని ఎవరో చెప్పారట, కుండీలు దించేది ఎవరని నిన్న మా ఇంటికే వచ్చి అడిగాడు. కాఫీ ఇచ్చాను. పేరు మాత్రం ఇవ్వలేదు.