నాలుగో టెంపో ఆగిన మలుపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉన్నమాట మొహం మీదే అనేస్తానని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా, ఆ ఆదివారం దాకా.

సూరత్‌లో ఇంజనీరింగ్ చివరి ఏడాది. ప్రాజెక్టు కోసం నేనూ నా స్నేహితురాలూ కలిసి ఒక రేసింగ్ గేమ్ మొదలుపెట్టాం. ఒకే కంప్యూటర్, ఒకే కీబోర్డు, నలుగురు ఆటగాళ్లు. చీరల మూటలేసుకున్న నాలుగు టెంపోలు బట్టల మార్కెట్ సందుల్లో పోటీ పడతాయి. తను రైల్వే క్వార్టర్స్‌లో ఉండే తెలుగు పిల్ల. మా ఇల్లు ఊరి చివర భేస్తాన్‌లో; నాన్న అక్కడి మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. బండ్లు మలుపు తిరిగే కోడ్ రాసింది తను. ఏ బండికి కీబోర్డులో ఏ మీటలు ఉండాలో నిర్ణయించింది నేను.

మా సార్‌కి ఆటలంటేనే చిరాకు. "సోమవారం నాలుగు బండ్లూ నా ముందు ఒక రౌండ్ పూర్తిచేయాలి. లేదంటే ఈ గేమ్ వదిలేసి హాస్టల్ హాజరు వెబ్‌సైట్ చేసుకోండి" అన్నారు హిందీలో. మాకు ముందు ఎన్ని బ్యాచులు చేశాయో ఆ వెబ్‌సైట్! తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

ఆదివారం కార్ఖానాకి సెలవు. అమ్మ, నాన్న, నేను, తను మా పాత కంప్యూటర్ ముందు ఇరుక్కుని కూర్చున్నాం. నలుగురం కలిసి ఆడటం అదే మొదలు. మొదటి మలుపు దగ్గరే అమ్మ నడుపుతున్న ఆకుపచ్చ టెంపో ఆగిపోయింది. మళ్లీ ఆడాం. మళ్లీ అదే.

"నేను వత్తుతనే ఉన్న బిడ్డా, ఇది కదుల్తలేదు" అంది అమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏందే ఇది? రేపు రివ్యూ పెట్టుకుని గిట్లనా రాసేది? రాకపోతే ముందే చెప్పొద్దా?" అని అందరి ముందే నా స్నేహితురాలి మీద అరిచాను.

"నిన్న ఇద్దరం ఆడితే బానే ఉంది కదే..."

"నిన్నటిది ఏం జేసుకోను?"

తన ముఖం చిన్నబోయింది. ల్యాప్‌టాప్ సంచి భుజానికేసుకుని, "సరిచేసి తెస్తాలే" అని వెళ్లిపోయింది.

"ఇంటికొచ్చిన పిల్లను గట్లంటరా?" అని అమ్మ నన్ను తిట్టింది.

నాన్న మాత్రం కీబోర్డు దగ్గర్నుంచి లేవలేదు. ఆయన ఒక్కడే ఎనిమిది మగ్గాలు చూసుకుంటాడు. ఒకటి ఆగితే, తప్పు ఆ మగ్గానిదా కరెంటుదా అని తేల్చుకోవడానికి ముందు మిగతావి ఎలా ఆడుతున్నాయో చూస్తాడు.

"ఆ పిల్లది తప్పు గాదు బిడ్డా. మనం ముగ్గురం ఒక్కపారి వత్తినప్పుడే మీ అమ్మ బండి ఆగుతుంది. జర చూడు" అన్నాడు.

ఖాళీ పేజీ తెరిచి, మా నలుగురి మీటలూ ఒకేసారి నొక్కాను. మూడు అక్షరాలే పడ్డాయి. అన్నీ కలిపి నొక్కితే మా చవక కీబోర్డు ఒక మీటను మింగేస్తోంది. తన కోడ్‌లో ఏ తప్పూ లేదు. నలుగురినీ ఆ ఒక్క కీబోర్డు మీద ఇరికించింది నేను. రెండో కీబోర్డు తగిలిస్తే చాలు.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెసేజ్ రాసి చెరిపేశాను. తప్పు నాదని రాయడానికి చెయ్యి రాలేదు. రేపు కాలేజీలో నవ్వుతూ చెప్పేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. పక్కింటివాళ్లని అడిగి ఇంకో కీబోర్డు తెచ్చి సంచిలో పెట్టుకున్నాను.

సోమవారం సార్ గది బయట తను కనిపించింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మలుపుల కోడంతా చెరిపేసి మళ్లీ రాశానే. ఆడి చూడ్డానికి టైం దొరకలేదు" అంది.

పాత కోడ్ ఇక భేస్తాన్‌లో మా ఇంటి కంప్యూటర్‌లోనే ఉంది. నేను నోరు తెరిచేలోపే లోపలికి పిలిచారు.

తన ల్యాప్‌టాప్‌కి నేను తెచ్చిన కీబోర్డు కూడా తగిలించి, ఇద్దరం రెండేసి బండ్లు నడిపాం. నాలుగు టెంపోలూ కదిలాయి. మొదటి మలుపులో నాలుగూ తిరగలేక గోడను గుద్దుకుని ఆగిపోయాయి.

"ఈ మలుపులు ఎవరు రాశారు?" అన్నారు సార్.

"నేనే సార్" అంది తను.

పాత కోడ్ సరిగ్గానే ఉందని, తప్పు నాదని నేను చెప్పలేదు. ఇంట్లో అంత గొంతేసుకుని అరిచినదాన్ని, అక్కడ మాట్లాడలేదు.

సార్ మమ్మల్ని ఎగాదిగా చూసి గురువారం దాకా గడువిచ్చారు. వరండాలోకి రాగానే మొత్తం చెప్పేశాను.

"అంటే నీకు నిన్ననే తెలుసా?" అంది తను.

"తెలుసు. ఫోన్ చేసిన, నువ్వు ఎత్తలే."

తను ఫోన్ తీసి మిస్డ్ కాల్స్ జాబితా నా ముందు పెట్టింది.

"ఒక్కసారే చేశావు."