హైమవతి ఆంటీ రెప్పలు

చలికాలం ఎండలో హైమవతి ఆంటీ క్వార్టర్ల మెట్ల మీద కూర్చుందంటే ఆర్కే పురం తల్లులందరూ పిల్లల్ని ఆవిడ దగ్గరకి తోలేస్తారు. తల మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పేనుని గోళ్ళ మధ్య చిటుక్కుమనిపించేదాకా వదలదు. అలాంటావిడకి నెలరోజులుగా కనురెప్పలు ఒకటే దురద. ఎండిన కాటుక వల్లేమోననుకుని తుడుచుకుంటూ వచ్చింది. కళ్ళ డాక్టరు సుధీంద్ర యంత్రంలోంచి చూసి నవ్వాపుకున్నాడు. "ఆంటీ, రెప్ప వెంట్రుకల్లో పేలు! మొదళ్ళలో ఈపులు కూడా."

పట్టకారుతో ఒక్కొక్కటే లాగాడు. పదిరోజులు వాసెలిన్ రాయమన్నాడు, దిండు గలేబులు మరిగే నీళ్ళలో ఉతకమన్నాడు.

"బాబ్బాబు, ఎవరికీ చెప్పకు. ఇంక నాకు ఏ తల్లి పిల్లని అప్పగిస్తుంది?"

"చెప్పనులెండి." తలుపుదాకా వచ్చి గొంతు తగ్గించాడు. "తగ్గాక మా పాపని పంపనా ఆంటీ? దాని తలలో పేలు నాకు దొరకడం లేదు."