అంకె లేని మీట

ఎనభయ్యో దశకంలో మా పోర్టు కాలనీ నాటకానికి మైకుల బాధ్యత నాకు అప్పగించారు. లెక్క తప్పని మనిషినని నాకు పేరుండేది. పూర్ణా మార్కెట్ నుంచి మైకుసెట్టు సాయిబుగారు మిక్సరు తెచ్చి అమర్చారు. మధ్యాహ్నం రిహార్సల్‌లో దాని మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న మైకుల మీటలను ఏ గీత దగ్గర నిలపాలో నోటుపుస్తకంలో రాసుకున్నాను. భోజనానికి వెళ్తూ, జాగ్రత్త కోసం అన్నిటినీ కిందికి దించాను.

సాయంత్రం తెర లేవగానే, రాజు వేషం కట్టిన మా ఆఫీసు మిత్రుడు పద్యం ఎత్తుకున్నాడు. నాటకమంతటిలో అతనికున్నది ఆ ఒక్క పద్యమే. అల్లుడు దేనికీ కొరగాడనే మామగారు అది వినడానికే ఎలమంచిలి నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆరు మీటలూ పుస్తకంలో రాసినట్టే ఉన్నాయి. స్పీకర్లు మాత్రం పలకలేదు.

“మూగ రాజేటి బావా!” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

నేను మూడోసారి పుస్తకంతో సరిచూస్తుండగా సాయిబుగారు పరుగెత్తుకొచ్చారు.

“పుస్తకం సదివితే మైకు పలకదు బాబూ! మాస్టర్ మీట కిందే ఉండిపోనాది, సూసుకోనేదేటి?” అంటూ దాన్ని పైకి తోశారు.

ఆరు మైకుల శబ్దాన్నీ కలిపి బయటికి పంపే మీట అది. దాని మీద అంకె లేదు గనుక నేను రాసుకోలేదు.

అప్పటికే పద్యం అయిపోయింది. వినపడని జనం “వన్స్ మోర్!” అని గోల చేశారు. మామగారు వెనక్కి తిరిగి, అల్లుడికి ఇంత మెప్పా అన్నట్టు ఆ జనాన్ని చూశారు, తర్వాత తానూ లేచి, అందరికంటే గట్టిగా “వన్స్ మోర్!” అన్నారు. ఈసారి పద్యం మైదానమంతా మోగింది.

నోటుపుస్తకంలో ‘వన్స్ మోర్: ఒకటి’ అని రాశాను. పక్కన ‘కారణం’ గడి ఖాళీగా వదిలేశాను. నా జీవితంలో నేను పూరించని గడి అదొక్కటే.