చక్కెర బొగ్గు

1998 జూన్‌లో మా పరిశోధన సంస్థ నన్ను ప్రధాన ప్రయోగశాల నుంచి కొత్తగూడకు బదిలీ చేసింది. అక్కడ ఒక అద్దె భవనంలో నడిచే చిన్న కార్బన్ విభాగానికి నన్ను అధిపతిని చేశారు. చుట్టుపక్కల హైటెక్ సిటీ రోడ్ల కోసం బండలు పేలుస్తుండేవారు. ఆ అదురుకి మా కొలతలు చెదిరిపోయేవి. అందుకని పేలుళ్ళు ఆగేదాకా కాచుకుని, తర్వాతే పరికరం ఆన్ చేసేవాళ్ళం.

ఫ్యూయల్ సెల్ అంటే హైడ్రోజన్, ఆక్సిజన్ కలవగా కరెంటు పుట్టించే సాధనం. అందులో ఆక్సిజన్ వైపు చర్య చాలా మందకొడి. దాన్ని వేగంగా నడిపే ఉత్ప్రేరకంగా ప్లాటినం వాడతారు. ఆ పని కార్బన్ చేత చేయించగలమా అన్నది మా ప్రశ్న. కొబ్బరి చిప్పల బొగ్గులో యూరియా కలిపి, స్టీలు గొట్టంలో పెట్టి, గాలి తగలకుండా ఫర్నేస్‌లో కాల్చేవాళ్ళం. అలా చేస్తే బొగ్గు నిండా సూక్ష్మరంధ్రాలు ఏర్పడి, దాని చట్రంలోకి అక్కడక్కడా నైట్రజన్ చేరుతుంది. దీన్నే డోపింగ్ అంటాం.

ఆ పని చేసేది భాగ్యలక్ష్మి. సీనియర్ రీసెర్చ్ ఫెలో, అంటే సమీక్ష సంఘం ఏటా పొడిగిస్తేనే కొనసాగే పీహెచ్‌డీ పరిశోధకురాలు. కొండాపూర్‌లో మెట్టినిల్లు. చంటిపాపను ఇంట్లో వదిలి వచ్చేది. మధ్యాహ్నం అత్తగారు నర్సమ్మ పాపను ఎత్తుకుని మా గేటు దాకా వచ్చేది. వాచ్‌మన్ గదిలో కూర్చుని భాగ్య పాలిచ్చి పంపేది. కాన్పయ్యాక కూడా కోడలిని చదువు మాన్పించలేదని చుట్టాలు నర్సమ్మను దెప్పేవారట. ఆమె వాళ్ళ మాట పట్టించుకునేది కాదు.

భాగ్య చేసిన కార్బన్ దాదాపు ప్లాటినమంత బాగా పనిచేసింది. మా డైరెక్టరు ఆ సంగతి పై అధికారులకు అప్పుడే చెప్పేశారు. సమీక్ష దగ్గర పడుతుండగా ఒకరోజు భాగ్య నా గదికి వచ్చి తలుపు దగ్గరేసింది.

“మేడం, గొట్టం చివర పెట్టిన బొగ్గు బాగా పనిచేస్తున్నది. నడుమ పెట్టింది అంత చేస్తలేదు. చివర్న వెల్డింగ్ కాడ తుప్పున్నది. ఇది నైట్రజన్ చేసే పనో, ఇనుము చేసే పనో నాకు తెలుస్తలేదు.”

ఇనుము లేశమాత్రం ఉన్నా నైట్రజన్‌తో జతకట్టి ఆ చర్యను నడపగలదు. అదే నిజమైతే, లోహం లేకుండా సాధించామన్న మా మాట నిలవదు.

“ఎప్పుడు తేల్చుకుందామమ్మా, సమీక్షకి ముందా, తర్వాతా?” అని అడిగాను.

“ముందే, మేడం. తర్వాతయితే నాకు ధైర్యం చాలదు.”

కొబ్బరి చిప్పలోనూ కొద్దిగా ఇనుముంటుంది కాబట్టి, శుద్ధమైన చక్కెరను మాడ్చి బొగ్గు చేశాం. స్టీలు గొట్టం తీసేసి, వేరే పనికి తెప్పించి ఉంచిన, గాజులా ఉండే, లోహం లేని క్వార్ట్జ్ గొట్టం ఆమెకిచ్చాను. అది పగిలితే జవాబు చెప్పుకోవలసింది నేనే. మిగతా విధానమంతా పాతదే.

కొలత పూర్తయ్యేసరికి గ్రాఫులో గీత బాగా కిందికి దిగి ఉంది. పనితనం పూర్తిగా పోలేదు గానీ, మిగిలింది స్వల్పం. భాగ్య పరికరం కట్టేసి, చేతులు కడుక్కుని, గేటు వైపు నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను. పాప అప్పటికే గుక్కపెట్టి ఏడుస్తోంది.

“అత్తమ్మా, ఇన్నేండ్ల నా పని పాయె,” అంటూ భాగ్య బల్ల మీద కూలబడింది.

నర్సమ్మ కోడలి మొహం ఒకసారి చూసి, పాపను ఆమె ఒడిలో పడుకోబెట్టింది.

“ముందుగాల పిల్లకు పాలియ్యి బిడ్డా. తర్వాత ఏడుద్దువు గని. నేనీడనే ఉంట.”

ఆ రోజు నర్సమ్మ ఎప్పటిలా వెంటనే ఇంటికి తిరిగి వెళ్ళలేదు. సాయంత్రం కోడలితో కలిసే వెళ్ళింది.

సమీక్షకు ముందు డైరెక్టరు నన్ను పిలిచి, చక్కెర బొగ్గు సంగతి ఈసారికి పక్కన పెడితే మంచిదన్నారు. ఆ అమ్మాయి చూపించదలచుకుంది, విభాగాధిపతిగా నేను ఆపనని చెప్పాను. ఆయనకది నచ్చలేదు. భాగ్య రెండు గ్రాఫులనూ పక్కపక్కనే చూపించింది. ఏదీ దాచలేదు. ఈ అనుమానం ఎవరికి వచ్చిందని సమీక్ష సంఘం అధ్యక్షుడు అడిగారు. “నాకే సార్,” అంది.

ఫ్యూయల్ సెల్ పని ఆపేయమని సంఘం రాసింది. భాగ్యకు మాత్రం అంశం మార్చుకునే షరతు మీద పొడిగింపు ఇచ్చింది. మందుల తయారీలో ఉత్ప్రేరకంగా వాడే పల్లాడియం అనే లోహం మామూలు కార్బన్ మీద నుంచి క్రమంగా ఊడిపోతుంటుంది. నైట్రజన్ ఉన్న కార్బన్ దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుందని ఆమె తర్వాత నిరూపించింది. డాక్టరేటు దాని మీదే వచ్చింది. ఇప్పుడు మియాపూర్‌లో ఒక కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతోంది.

అప్పటి నుంచి నా విభాగంలో కార్బన్ ఎంత మంచి ఫలితమిచ్చినా, లోహం తగలని గొట్టంలో మళ్ళీ చేసి చూశాకే బయటికి చెప్పేవాళ్ళం. ఇది పద్ధతికి సంబంధించిన పాఠం. అధికారిగా నేర్చుకున్నది వేరు: తన ఫలితాన్ని తానే అనుమానించే మనిషికి అధికారి ఇవ్వవలసినవి మరో గొట్టం, కాస్త గడువు. ఆ పైన వచ్చే ప్రశ్నలకు అధికారే నిలబడి జవాబు చెప్పాలి.