లాకుల దగ్గర డైనమో మోత

లిడియాకి సైకిలు తొక్కడం కలలో మాత్రమే వచ్చు.

నలభై దాటిన మనిషి. పొద్దస్తమానం మిరప చేలో నడుం వంచి కాయ కోసి, మంటలెక్కిన వేళ్ళని మజ్జిగతో కడుక్కుని, చాప మీద ఒరిగిందంటే చాలు, సైకిలెక్కేసేది. ఆ కలలో ఊళ్ళు ఉండవు, డొంకలు ఉండవు. ఎండబోసిన మిర్చి కళ్లాలే, కనుచూపు మేర ఎర్రగా. వాటి మీదుగా, ఒక్క కాయ కూడా నలక్కుండా, పైట ఎగురుతుంటే అలా పోతూనే ఉంటుంది. చప్పుడనేది ఉండదు. తెల్లారి ఆ కల చెబితే మొగుడు ఇమ్మానియేలు నవ్వేవాడు.

"ఏ సైకిలే? మనదేనా?"

"మనదే. మోత ఒక్కటే లేదు."

"మోత లేకపోతే మనదెట్టా అవుద్దే, పిచ్చిమొగమా!"

అతనన్నదీ నిజమే. ఇమ్మానియేలు ఊరి తపాలా సంచి మోసే మనిషి. మధ్యాహ్నం సంచి క్యారేజీకి కట్టుకుని ప్రత్తిపాడు పోతాడు, అక్కడ ఇచ్చి, ఊరికొచ్చిన సంచి తీసుకుని మసకపడే వేళకి తిరిగొస్తాడు. పదహారేళ్ళుగా ఇదే పని. అతను బయల్దేరేటప్పుడు లిడియా చేలో ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఇంట్లో పొయ్యి దగ్గర ఉంటుంది. వాళ్ళ ఇల్లు పల్లె చివర, కాలవ వైపు. గాలి కలిసొస్తే కాలవ లాకుల దగ్గర్నించే సైకిలు డైనమో మోత వినపడుతుంది, జుంయ్‌మని, సన్నగా, ఎవరో పెదాలు మూసుకుని పాట పాడుతున్నట్టు. అది చెవిన పడగానే లిడియా మరుగుతున్న ఎసట్లో బియ్యం పోసేది. అతను సంచి పోస్టాఫీసులో అప్పజెప్పి, నలుగురితో నాలుగు మాటలాడి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేసరికి అన్నం వార్చి ఉండేది. ఈ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని కూడా అనుకోలేదు.

ఆదివారం సైకిలు స్టాండు మీద నిద్రపోయేది. కాబట్టి లిడియా ఎరిగినంతలో నడిచే సైకిలంటే మోత ఉన్న సైకిలే. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

తొంభై తొమ్మిది క్రిస్మసు ఇంకో వారం ఉందనగా, పత్తి బోరాలు ఎత్తిన ట్రాక్టరొకటి పక్కనుంచి రాసుకుపోయింది. ఇమ్మానియేలు సైకిలుతో సహా కాలవ కట్ట మీంచి దొర్లాడు. సంచి మాత్రం వదల్లేదు, అదేదో తన బిడ్డయినట్టు పొట్టకి కరుచుకునే దొర్లాడు. గుంటూరులో డాక్టరు మోకాలు చూసి, కర్ర సాయంతో నడుస్తాడు గానీ ఆ మోకాలిక వంగదన్నాడు. వంగని మోకాలితో సైకిలు తొక్కడం ఎక్కడైనా ఉందా?

జనవరి నెలంతా అతను వసారాలో మంచం మీద పడుకుని కాలవ వైపు చూసేవాడు. ఒక సాయంత్రం ఎవరో దారిన పోయేవాడి సైకిలు లాకుల దగ్గర జుంయ్‌మంది. లిడియా చేతులు ఆమెని అడక్కుండానే చేటలో బియ్యం తీసి ఎసట్లో పోసేశాయి.

"ఇంకా తినే వేళ కాలేదుగా. అప్పుడే పోశావేంటే?" అన్నాడు ఇమ్మానియేలు.

"అలవాటు," అంది, తల తిప్పకుండా.

అతను ఆమె వంక చూశాడు, చేట వంక చూశాడు. తర్వాత కాలవ వైపు చూసి, గోడ వైపుకి ఒత్తిగిలాడు. ఆ పూట అన్నం తినలేదు.

పోస్టుమాస్టరు వెంకటనారాయణగారు మంచి మనిషి. తన ఇంటి అరుగు మీదే పోస్టాఫీసు, తన మోపెడ్ మీదే అందాకా సంచి పంపిస్తున్నాడు. ఫిబ్రవరి మొదట్లో వచ్చి మంచం పక్కన కూచుని విషయం చెప్పాడు. ఇంటి మనిషి ఎవరైనా చేసేట్టయితే పని ఇంట్లోనే ఉంటుంది. కానీ సైకిలు తొక్కడం రావాలన్నది షరతు. మార్చి మధ్యలో తపాలా పని తనిఖీ చేసే ఓవర్సీరు వస్తాడు, ఆయన ముందు తొక్కి చూపించాలి. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటారు.

ఆయన వెళ్ళాక ఇమ్మానియేలు ఒకే మాట అన్నాడు. "ఆ సంచి ఇంకో గుమ్మానికి పోతే నేను చూళ్ళేను లిడియా."

ఆమె వంటింట్లోకి పోయి, తలుపు చాటున నిలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని వచ్చి, "నేర్చుకుంటాలే," అంది, ఊరగాయ పెట్టడం నేర్చుకుంటానన్నంత తేలిగ్గా.

ప్రత్తిపాడులో బుడే సాహెబు సైకిలు షాపుంది. బుడే సైకిలు అమ్మేటప్పుడు డాక్టరు రోగిని అడిగినట్టు అడుగుతాడు. ఎంత దూరం, ఏ దారి, ఏ వేళ, ఎంత బరువు. వంకరపోయిన పాత సైకిలుకి బదులుగా ఒక ఆడవాళ్ళ సైకిలు తీసి, దాన్ని లిడియా కోసం పెళ్ళికూతుర్ని చేసినట్టు చేశాడు.

"ఒంటికాలి స్టాండు ఒద్దు చెల్లెమ్మా, నల్లరేగట్లో దిగబడుద్ది. రెండు కాళ్ళది వేస్తన్నా. చీర చక్రంలో పడకుండా ఇదిగో, వెనక జాలీ. మడ్‌గార్డు రెండేళ్ళ ఎత్తు లేపాను. వానాకాలం మన మట్టి సంగతి నీకు తెలవంది కాదు, చక్రాన్ని పట్టుకుందంటే వదలదు. సంచికి గట్టి స్ప్రింగు క్యారేజీ. ఇక లైటు."

లైటు దగ్గర పేచీ వచ్చింది. బుడే గాజు బీరువాలోంచి ఎర్రటి బ్యాటరీ లైటు తీసి, అద్దం తుడిచి మరీ చూపించాడు. కొత్తగా వచ్చిందట. నిలబడ్డా వెలుగుతుందట, చప్పుడు చెయ్యదట.

"చప్పుడు చెయ్యదా?" అంది లిడియా.

"అస్సలు చెయ్యదు."

"అయితే నాకొద్దన్నా. ఆయన డైనమోనే బిగించు."

బుడే మొహం చిన్నబోయింది. మంచి సరుకు కాదనిపించుకున్న వ్యాపారి మొహం చూడాలి గానీ చెప్పేది కాదు. పాత సైకిలుకున్న డైనమో ఊడదీసి, నూనె చుక్క వేసి, ముందు చక్రం పక్కన బిగించి, టైరుకి ఆనేట్టు నొక్కి, చక్రం గిర్రున తిప్పాడు. జుంయ్‌మంది. లిడియాకి ప్రాణం లేచొచ్చింది. ఇంతలో ఎవరో పంచరని వస్తే బుడే అటు తిరిగాడు. నొక్కిన డైనమో నొక్కినట్టే ఉండిపోయింది.

పోయేటప్పుడు దారులు కూడా అతనే చెప్పాడు. "తారు రోడ్డు ఎక్కమాక, లారీలు. డొంకలోకి పోమాక, బండి గాడిలో పడితే చక్రం నీ మాటినదు. ముందు మీ ఊరి పొగాకు కాల్చే బేరను ఎనక వాలుందే, అక్కడ తొక్కకుండా ఊరికే జారు. కాళ్ళు నేలకి ఆనకుండా పది బారలు జారావంటే సగం వచ్చినట్టే. తర్వాత ఖాళీ కళ్లం చూసుకో, అదునుగా తడిపి రోలరేసిన నేల, సిమెంటు కూడా అంత నునుపుండదు. అక్కడ మలుపులు నేర్చుకో. ఆఖర్న కాలవ కట్ట. ఇప్పుడు నీళ్ళు కట్టేశారు, పడ్డా తడవ్వు."

చీకట్లు విడకముందే లేచి, పొగాకు బేరను వెనక వాలు మీద నాలుగు రోజులు జారింది. మొదటి రోజు మోచేయి, రెండో రోజు మోకాలు, మూడో రోజు రెండూ. నాలుగో రోజు పది బారలు దాటింది. జుంయ్‌మంటూ తనే ఆ మోత చేస్తూ పోతుంటే, పదహారేళ్ళుగా దూరాన విన్న పాట తన కాళ్ళ కిందికి వచ్చినట్టనిపించి, ఎవరూ లేరు గదా అని పైకే నవ్వింది.

కళ్లం దగ్గర మాత్రం పరువు పోయింది. వెంకటనారాయణగారి భార్య బసవమ్మగారు, కాయ తూకమైపోయి ఖాళీ పడ్డ సగం కళ్లం వాడుకోమన్నారు. మిగతా సగంలో ఎండు మిర్చి బోసి ఉంది. మలుపు తిప్పాల్సిన చోట సైకిలు తిరగలేదు. బ్రేకు పట్టాలని గుర్తు రాలేదు. తిన్నగా పోయి మిర్చి కుప్పలో దిగబడింది. గింజలూ ఘాటూ పైకి లేచి, లిడియా తుమ్మి, బసవమ్మగారు తుమ్మి, కట్టేసిన గేదెలు కూడా తుమ్మాయి.

"ఓసి నీ సైకిలు పాడుగాను! కారం పట్టిద్దామని వచ్చావటే?" అంటూ బసవమ్మగారు చీపురు తీసుకుని వచ్చి, కళ్ళ నీళ్ళతో కుప్ప పక్కనే కూలబడి నవ్వింది. ఇద్దరూ కలిసి కాయలు మళ్ళీ ఎగదోశారు. ఆ రోజు నుంచి ఆవిడ కళ్లం అంచున ఒక మంచం అడ్డం వేయించింది.

కాలవ కట్ట మీదికి వచ్చేసరికి మార్చి నెల. తెల్లారగట్ట మంచు పల్చగా పత్తి చేల మీద ఆగి ఉండేది. ఏరగా మిగిలిన దూది అక్కడక్కడా తుమ్మ ముళ్ళకి అంటుకుని, ఆకాశం తెల్లటి గుడ్డ పీలికలు ఆరేసినట్టుండేది. ఎండిన కాలవలో కొంగలు నిలబడే నిద్రపోయేవి. వాటి పక్కగా, గసపోస్తూ, తొడలు పగిలిపోతున్నా లిడియా తొక్కేది. సైకిలింత బరువని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇంత బరువుని పదహారేళ్ళు రోజూ తొక్కాడా నా మొగుడు అని ఒక్కోసారి సైకిలు ఆపుకుని, అతని మీద జాలి పుట్టి, కళ్ళు తుడుచుకునేది. ఇంట్లో మంచం మీద ఇమ్మానియేలు దూరంగా మోత విని, ఇంకా వెలుగు రాలేదు గదా, లైటు వేసుకుందనుకునేవాడు.

పదిహేనో తారీకు పట్టపగలు ఓవర్సీరు నాగేంద్రబాబు వచ్చాడు. అరుగు ముందు పదిమంది చేరారు. ఇమ్మానియేలు కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. సంచి క్యారేజీకి బిగించి, లాకుల దాకా పోయి రమ్మన్నారు. లిడియా చీర కుచ్చెళ్ళు ఎగదోపింది. ఎలాగో ఎక్కి నాలుగు బారలు తొక్కిందో లేదో, ఓవర్సీరు చెయ్యెత్తి ఆపాడు.

"ఏమ్మా, ఇంత ఎండలో లైటెందుకు?"

"లైటు కాదు సారూ, అదే గదా నడిపేది."

ఆయనకి అర్థం కాలేదు. వంగి డైనమోని వెనక్కి లాగాడు. టక్కుమని టైరుని వదిలేసింది. "ఇది టైరు మీద ఉంటే నీ బలమంతా ఇదే తాగేస్తుందమ్మా. చీకటి పడ్డాక వేసుకోవాలి."

ఇమ్మానియేలు నోరు తెరిచాడు. "నెల రోజులూ అట్టాగే తొక్కావటే?"

"నువ్వెప్పుడూ అట్టాగే వచ్చేవాడివిగా!" అంది లిడియా, ఏడుపు గొంతుతో.

అందరూ గొల్లున నవ్వారు. ఇమ్మానియేలు నవ్వలేదు.

ఆమెకి భయం వేసింది. చక్రం నేల మీదుందో గాల్లో ఉందో ఇన్నాళ్ళూ ఆ మోతే చెప్పేది. ఇప్పుడేం వినపడదు. గుండె రాయి చేసుకుని పెడలు మీద కాలేసి, అలవాటైన బలమంతా పెట్టి ఒక్క తొక్కు తొక్కింది.

సైకిలు లేచిపోయింది. అంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు. పోస్టాఫీసు అరుగు వెనక్కి పోయింది, బసవమ్మగారి కళ్లం ఎర్రగా కుడిచేతి పక్కనుంచి జారిపోయింది, పైట ఎగిరింది. చప్పుడనేది లేదు. ఇది కలే, ఇప్పుడు మెలకువ వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకుంటూ పోయింది. మెలకువ రాలేదు. కట్ట ఎక్కింది. లాకుల దగ్గర తిరగమన్నారన్న సంగతి లాకులు దాటి మైలు దూరం పోయాక గానీ గుర్తు రాలేదు.

ఊళ్ళో ఓవర్సీరు గడియారం చూసుకుని, "సంచి ఖాళీదేగా?" అని పోస్టుమాస్టర్ని అడిగాడట. తిరిగొచ్చి బ్రేకేసి దిగిన లిడియా మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా కాగితం మీద సంతకం పెట్టాడు.

మర్నాటి నుంచే పని. ప్రత్తిపాడులో సంచి అప్పజెప్పి, ఊరి సంచి తీసుకుని తిరుగుదారి పట్టింది. కట్ట మీదికి వచ్చేసరికి పొద్దు పత్తి చేల వెనక్కి వాలుతోంది. ఇంకా దారి కనపడుతూనే ఉంది, లైటు అక్కర్లేదు. సైకిలు గాలికి పోతున్నట్టు పోతోంది. లాకుల దగ్గర మాత్రం ఆమె దిగింది. వంగి డైనమోని టైరుకేసి నొక్కింది. ఎందుకంటే ఏం చెబుతుంది? ఆ చోటికి వచ్చాక ఆ సైకిలు పాడాలి, అంతే. మళ్ళీ బరువెక్కిన సైకిల్ని తొక్కుకుంటూ, జుంయ్‌మంటూ ఊళ్ళోకొచ్చి, సంచి పోస్టాఫీసులో ఇచ్చి, బసవమ్మగారితో నాలుగు మాటలాడి, ఇంటికి చేరింది.

వసారాలో మంచం ఖాళీగా ఉంది. కర్ర గోడకి ఆనించి ఉంది.

లోపల పొయ్యి ముందు ఇమ్మానియేలు నేల మీద కూచుని ఉన్నాడు. వంగని కాలు పొయ్యి పక్కనుంచి తిన్నగా చాపుకుని, ఊదుగొట్టం చేత్తో పట్టుకుని, నుదుటి మీద బూడిదతో. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి పొయ్యి ముందు కూచోవడం ఆమె చూడలేదు. కుండలో అన్నం ఉడుకుతోంది, గంజి పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంటోంది.

"లాకుల దగ్గర వినపడింది," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "అప్పుడు పోశాను. సరిగ్గానే పోశానా?"

లిడియా పొయ్యి దగ్గరికి పోయి గరిటెతో నాలుగు మెతుకులు తీసి నొక్కి చూసింది. ఇంకొంచెం పలుకుగా ఉంది.

"సరిగ్గానే పోశావు," అంది. "కాళ్ళు కడుక్కుని వస్తా."