కోడి ఖాళీ చేసిన సీటు

మేముండే హిందీ ఊళ్లో, తెలిపారా అనే పేటలో ఒక పాత ఇంటి వెనక, రేకుల పంచన ఏళ్ల తరబడి నిలబడిపోయిన అంబాసిడర్ కారును నేను కొన్నాను. మా తాత, మా నాన్న, నేను అందరం రైల్వేలోనే. ఎక్కడికి వెళ్లాలన్నా పాసు ఉంది, రైలు ఉంది. మా వంశంలో కారు కొన్న మొదటివాణ్ని నేనే. దానికి ముందు సీటు లేదు. ఆ సంగతి తెలిసే కొన్నాను. సీటే కదా, ఎక్కడైనా దొరక్కపోతుందా అనుకున్నాను.

ట్రాక్టరుకు తాడు కట్టి కారును రైల్వే కాలనీకి లాగించాను. నేను లోపల చెక్కపీట వేసుకుని కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను. క్వార్టరు గేటు దగ్గర నిలబడిన మా ఆవిడ కంగారు పడిపోయింది.

"ఏటండీ ఇది? మీరెక్కడున్నారు? లోపల ఎవరూ లేరేటి?"

పీట మీంచి లేచి తల చూపించాను. ఆవిడ లోపలికి వెళ్లి టీ పెట్టింది. ఆ టీకి నేను తిట్లకన్నా ఎక్కువ భయపడ్డాను.

సాయంత్రానికల్లా మా చిన్నాన్న వచ్చాడు. గూడ్సు బండి డ్రైవరుగా రిటైరైనవాడు. చక్రాలున్న ప్రతిదానికీ తన సలహా అవసరమని ఆయన నమ్మకం. కారు చుట్టూ తిరిగి, టైర్లను చెప్పుతో తట్టి, లోపలికి తొంగి చూశాడు.

"సీటెందుకురా? ఆవిరింజన్లలో మేం కూర్చుని తోలీమేటి? పైన రేకు కోసీ. నిలబడి తోలు."

ఆయన సరదాకి అనలేదు. మర్నాడు టేపు తెచ్చి నా ఎత్తు కొలిచాడు.

కారు కోసేస్తాడేమోనన్న భయంతో నేను పాత కార్ల వాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరాను. ఫొటో తీసి పెట్టి, ముందు సీటు ఎక్కడ దొరుకుతుందని అడిగాను. ఒకాయన బానెట్ ఒక కాలంది, ఇంజను ముందుండే ఇనప జాలీ ఇంకో కాలంది అన్నాడు. ఇంకొకాయన కాదు, జాలీయే సరైనది, బానెటే తప్పన్నాడు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా పోట్లాడుకున్నారు. అప్పుడు మూడో ఆయన అడిగాడు: "బానెట్ మీద ఆ తెల్లగా ఉన్నవేమిటి?"

అవి మా ఆవిడ ఎండబెట్టిన గుమ్మడి వడియాలు. ఫొటో తీసేటప్పుడు నేను గమనించలేదు. ఆ మాట చెప్పగానే గ్రూపంతా కారును వదిలేసి వడియాల మీద పడింది. పప్పు ఎంత రుబ్బాలి, గుమ్మడికాయలో నీళ్లు పిండాలా వద్దా అని ప్రశ్నలు. మా ఆవిడ ఉత్సాహంగా చెబుతుంటే నేను హిందీలో టైపు చేశాను. మా ఊళ్లోనే సిరిగిట్టీలో ఉండే ఒకాయన ఆ ప్రకారం వడియాలు పెట్టి, బాగా కుదిరాయని సంతోషించి, తిఫ్రాలో ఒక పాత సామాన్ల కొట్టులో ఇలాంటి కారే పడి ఉందని, సీటు కూడా ఉందని చెప్పాడు.

నేనూ చిన్నాన్నా పరుగున వెళ్లాం. కారుంది. సీటుంది. సీటు మధ్యలో ఒక ఎర్రకోడి పొదుగుతూ కూర్చుని ఉంది.

కొట్టు నడిపే పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది. "గాడీ మ కుకరీ బైఠే హే, భయ్యా." కారులో కోడి కూర్చుంది, గుడ్లు పిల్లలయ్యేదాకా ఏదీ కదపనివ్వనంది.

"కోడికి మనం చెప్పాలేటి? నేనెత్తీసి పక్కన పెడతాను," అని చిన్నాన్న చేతులు చాచాడు. కోడి ఆయన చేతిని ఒక్క పోటు పొడిచింది. ఆయన వెనక్కి గెంతాడు. కోడి కిందికి దూకింది. టైర్ల గుట్ట చుట్టూ ఆయన ముందు, కోడి వెనక. ఆయన చెప్పొకటి ఆ గుట్టలోనే ఉండిపోయింది. గుడ్లు చల్లారిపోతాయని పెద్దావిడ మా ఇద్దరినీ తిట్టి బయటికి పంపింది.

ఇక ఎదురుచూపులే. చిన్నాన్న మాత్రం ఇన్‌స్పెక్షన్ అని చెప్పి, జేబులో నూకలు పోసుకుని తరచూ తిఫ్రా వెళ్లి వచ్చేవాడు. "అచ్ఛా, ఇవాళ నన్ను పొడవలేదురా," అని ఒకరోజు గర్వంగా చెప్పాడు. గుడ్లు పిల్లలైన రోజు, పిల్లలు పుట్టారని చెప్పి ఆయనే మిఠాయి తెచ్చి వీధిలో పంచాడు. ఎవరికి పుట్టారని అడిగినవాళ్లని నేను ఆయన దగ్గరికే పంపాను.

సీటు ఇంటికొచ్చింది. మా ఆవిడ ముక్కుకి గుడ్డ కట్టుకుని దాన్ని తోమింది, ఎండబెట్టింది. బిగించాక తెలిసింది, ఇద్దరు కూర్చునే ఆ పొడుగు సీటుకి స్ప్రింగులన్నీ ఒకవైపే బతికున్నాయని. స్టీరింగు వెనక నేను కూర్చుంటే లోపలికి దిగిపోయాను. పక్కన చిన్నాన్న పైకి లేచాడు, తల కప్పుకి ఆనింది. మా ఆవిడ వెనక సీట్లో పడి పడి నవ్వింది.

మెకానిక్కు చేత ఇంజను బాగుచేయించి, మొదటిసారి ఉస్లాపూర్ దాకా వెళ్లాం. స్టేషను కనబడుతుండగా ఇంజను ఆగిపోయింది. నేనూ చిన్నాన్నా దిగాం. ఆటోవాళ్లు ఇద్దరు వచ్చి చెయ్యి వేశారు. పెళ్లికి ముందే లైసెన్సు తీసుకుని ఏనాడూ కారు తోలని మా ఆవిడ స్టీరింగు పట్టుకుంది. నాలుగడుగులు తోశామో లేదో, బండి దగ్గి, గురక పెట్టి, ముందుకు ఉరికింది. ఆవిడ ఆపలేదు. చౌరస్తా దాకా వెళ్లి, చుట్టూ తిప్పుకుని మా వైపే వచ్చింది.

"ఆపు, ఆపు!" అని నేను చేతులూపాను.

"ఆపితే మళ్లీ తోస్తారేటి? ఎక్కీండి!" అంది కిటికీలోంచి.

చిన్నాన్న పక్కనే పరుగెత్తి తలుపు తీసి ఎక్కేశాడు. నేను రెండో చుట్టులో ఎక్కాను.